జామచెట్టుకి వల కట్టినా కాయలో పురుగు ఎందుకొస్తోంది?

వానాకాలం జామకాయ కోస్తే లోపల మెత్తబడి, తెల్లటి పురుగులు కనిపిస్తాయి. కాసేపు చూస్తే అవి ఎగిరి గెంతుతాయి కూడా. ఇది పండు ఈగ పని. వల కట్టినా ఆగలేదంటే కారణం వీటిలో ఒకటి.

వల కన్ను పెద్దది: పిట్టల కోసం అమ్మే వలలోంచి ఈగ సులువుగా దూరుతుంది. కన్ను 2 మిల్లీమీటర్ల కన్నా చిన్నదిగా ఉండాలి. మామూలు దోమతెర గుడ్డ చాలు. మరీ దట్టమైనది వేస్తే గాలి ఆడదు.

వలకి ఆనుకున్న కాయలకే సూది గుచ్చినట్టు చుక్కలు: ఈగ బయట కూర్చునే వల సందులోంచి కాయలో గుడ్లు పెడుతోంది. నాలుగు కర్రలు పాతి, వలని కొమ్మలకి ఎడంగా నిలబెట్టండి.

వల మంచిదే, కాయ ఎక్కడా తగలట్లేదు, అయినా పురుగు: మా పెరట్లో నిరుడు ఇదే జరిగింది. కాయలు సగం పండాక వల కట్టాను. దాని అంచు నేల దాకా దింపి రాళ్లు పెట్టాను. రాలిన కాయలు మాత్రం పాదులోనే వదిలేశాను. పురుగు కాయలోంచి మట్టిలోకి దిగి, గోధుమరంగు గింజలా మారి, సుమారు పది రోజుల్లో ఈగై పైకొస్తుంది. అంటే ఈగల్ని నేనే లోపల పెట్టి మూత వేశానన్నమాట! ఎంత బాధేసిందో.

ఇప్పుడు కాయలు నిమ్మకాయంత ఉండగానే, రంగు తిరగకముందే వల కడుతున్నాను. అంచుని నేల మీద పరచకుండా కాండానికి బిగించి తాడు కడుతున్నాను. అలా కడితే మట్టిలోంచి లేచిన ఈగ కూడా బయటే ఉండిపోతుంది. రాలిన కాయల్ని రోజూ ఏరి, నల్ల పాలిథిన్ కవర్‌లో మూతి కట్టి, వారం పాటు ఎండలో పడేస్తాను. పాదుని పైపైన తిరగదవ్వుతాను. ఈ ఏరడం ఒక్కటీ మానేస్తే మిగతాదంతా వృథా.

మిథైల్ యూజినాల్ (పండు ఈగల్ని వాసనతో లాగే మందు) ఎర బుట్ట పెట్టేవాళ్లు దాన్ని వల బయట, చెట్టుకి కాస్త దూరంగా కట్టాలి. దానికి మగ ఈగలే వస్తాయి కాబట్టి అదొక్కటే నమ్ముకోవద్దు.

పిందె నిలవట్లేదు: పూత మీద వల వేసి ఉంటారు. తేనెటీగలు రావాలి, తీసేయండి.

వల లోపల పిండినల్లి పెరిగింది: చీమల బారు ఉందేమో చూడండి, పిండినల్లిని అవే కాపాడుతుంటాయి. పిండినల్లిని తినే అక్షింతల పురుగులు వల దాటి రాలేవు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తడిసేలా కొట్టండి.