పిల్లికి మందు వేసినా ఫ్లీస్ కుడుతున్నాయా? ఆస్తమా ఉన్న ఇంట్లో స్ప్రే కొట్టే ముందు చూడాల్సినవి

పిల్లిని ఒడిసిపట్టుకోవడం, మెడ మీద మందు చుక్కలు వేయడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. ఇంట్లో ఒకరికి ఆస్తమా ఉన్నప్పుడు ఫ్లీస్ (పిల్లి బొచ్చులో ఉండి రక్తం తాగే చిన్న పురుగులు) కంటే వాటిని చంపడానికి చేసే హడావుడే ఎక్కువ ప్రమాదం. స్ప్రే కొట్టిన రాత్రే నెబ్యులైజర్ తీయాల్సి వచ్చిన ఇళ్లు చాలా చూశాను. వాటిలో చాలా ఇళ్లకి ఆ స్ప్రే అవసరమే లేదు.

కాళ్ల మీద దద్దుర్లు, పిల్లి గోక్కుంటోంది

ముందు ఫ్లీసో కాదో తేల్చుకోండి. ఈ ఒక్క పనీ ఎవరూ చేయరు, నేరుగా షాపుకి వెళ్తారు. పేల దువ్వెన తీసుకుని పిల్లి తోక మొదట్లో, నడుం మీద దువ్వండి. దువ్వెనకి వచ్చిన నల్లటి నలకల్ని తడిపిన తెల్ల గుడ్డ మీద రాల్చి ఒక నిమిషం ఆగండి. నలక చుట్టూ ఎర్రగా, తుప్పు రంగులో దిగితే అది ఫ్లీస్ రెట్ట, అంటే పిల్లి రక్తమే. రంగు దిగకపోతే మట్టి. "ఒక్క పురుగు కూడా కనబడలేదండీ" అంటారు. పిల్లి ఒళ్లు నాక్కుంటూ పురుగుల్ని మింగేస్తుంది, అందుకే కనబడవు. రెట్ట మాత్రం దొరుకుతుంది. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే ఆ మింగిన ఫ్లీస్ వల్లే పిల్లి కడుపులో బద్దె పురుగులు వచ్చాయని అర్థం, పశువుల డాక్టర్ని అడిగి వాటికీ మందు వేయించాలి.

ఫ్లీస్ ఎక్కువగా మోకాలి కింద, చీలమండల దగ్గర కుడతాయి. పొద్దున లేచేసరికి చేతుల మీద, వీపు మీద వరసగా దద్దుర్లుంటే పరుపులో నల్లులు వెతకండి. ఏసీ పెట్టె వెనక పావురాలు గూడు పెట్టి ఉంటే వాటి పురుగులు కూడా ఇంట్లోకి వస్తాయి. అప్పుడు పిల్లికి ఎంత మందు వేసినా లాభం లేదు.

మందు వేసి మూడు రోజులైంది, పిల్లి మీద ఇంకా తిరుగుతున్నాయి

ఫిప్రోనిల్ లాంటి చుక్కల మందు సరిగ్గా పడితే ఒకటి రెండు రోజుల్లో పిల్లి మీది ఫ్లీస్ చావాలి. చావలేదంటే వేసిన తీరు చూసుకోండి. మెడ వెనక వెంట్రుకలు విడదీసి చర్మం మీద పడేలా వేయాలి, బొచ్చు మీద పడింది వృథా. వేయడానికి రెండు రోజుల ముందు, రెండు రోజుల తర్వాత స్నానం వద్దు. మూడు పిల్లులుంటే మూడింటికీ ఒకే రోజు వేయాలి, కుక్క ఉంటే దానికీ దాని మందు వేయాలి. గోక్కునేదానికొక్కదానికే వేసి ఊరుకోవడం నేను చూసే పొరపాట్లలో అన్నిటికన్నా మామూలుది.

కుక్క మందు మిగిలింది కదా అని పిల్లికి వేయకండి. పర్మెత్రిన్, అమిట్రాజ్ ఉన్న మందులు పిల్లికి విషం. పర్మెత్రిన్‌ని పిల్లి కాలేయం హరాయించుకోలేదు, వణుకు, మూర్ఛ వచ్చి చనిపోవచ్చు. పొరపాటున వేసి ఉంటే వెంటనే గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఒళ్లు కడిగి, తువ్వాలు చుట్టి పశువుల ఆసుపత్రికి పరుగెత్తండి. మరీ చిన్న కూనలకి ఏ మందూ సొంతంగా వద్దు. దువ్వెనతో తీస్తూ డాక్టర్ని అడగండి. కూనకి రక్తం తగ్గి చిగుళ్లు తెల్లబడితే ఆ రోజే తీసుకెళ్లాలి.

పిల్లి మీద ఏమీ లేవు, పది పదిహేను రోజులకి మళ్లీ కుడుతున్నాయి

అందరూ దెబ్బతినేది ఇక్కడే. నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. "మందు డూప్లికేట్ అండీ, పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలిచేశాం" అంటారు. చాలాసార్లు మందు బాగానే పనిచేస్తుంటుంది. కుడుతున్నవి పాతవి కావు, ఇప్పుడే పుట్టినవి.

ఆడ ఫ్లీ రోజుకి 40 నుంచి 50 దాకా గుడ్లు పెడుతుంది. అర మిల్లీమీటరు ఉండే ఆ తెల్లటి గుడ్లకి జిగురుండదు. పిల్లి ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. ఒక ఇంట్లో ఫ్లీస్ మొత్తంలో పెద్ద పురుగులు నూటికి ఐదు మాత్రమే అంటారు, మిగతావన్నీ గుడ్లు, పిల్ల పురుగులు, గూళ్లు. గుడ్డు పగిలి వచ్చిన పిల్ల పురుగు వెలుతురంటే పారిపోతుంది. దివాన్ కింద, సోఫా మడతల్లో, కడప బండల సందుల్లో దూరి, పైనుంచి రాలే రెట్ట తిని బతుకుతుంది. ఆ తర్వాత ఒక గూడు అల్లుకుంటుంది. ఆ గూడు జిగురుగా ఉండటంతో చుట్టూ ఉన్న దుమ్ము అంటుకుని నేల రంగులోనే కలిసిపోతుంది. పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూసినా కనబడదు. ఏ స్ప్రే కూడా దాని లోపలికి సరిగా చేరదు.

లోపల తయారైన పురుగు వెంటనే బయటికి రాదు. అడుగుల అదురు, ఒంటి వేడి, మనం వదిలే గాలి తగిలితే వస్తుంది, లేదంటే నెలల తరబడి అలాగే ఆగగలదు. సంక్రాంతికి ఇల్లు తాళం వేసి, పిల్లితో సహా ఊరెళ్లి వచ్చినవాళ్లని తలుపు తీయగానే ఫ్లీస్ గుంపుగా కుట్టేది అందుకే.

కాబట్టి పిల్లికి సరిగ్గా మందు పడ్డ తర్వాత కూడా రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఎనిమిది వారాల దాకా కొత్తవి కనిపిస్తూనే ఉంటాయి. అవి పిల్లి మీదికి ఎక్కి, మందు తగిలి, గుడ్లు పెట్టకముందే చావాలి. అందుకే పిల్లిని ఇంకొకరింటికి పంపేయకండి. పంపేస్తే అవి మీ కాళ్ల మీదే పడతాయి. రెండో మోతాదు 30 రోజులకి తప్పకుండా పడాలి. గుడ్లు పొదగకుండా చేసే ఎస్-మెథోప్రీన్ కలిసిన చుక్కలు దొరికితే ఇంకా మేలు.

తగ్గుతోందో లేదో అంచనా మీద వదలకండి. వారానికొకసారి తెల్ల సాక్సులు మోకాళ్ల దాకా వేసుకుని పిల్లి తిరిగే గదుల్లో నడవండి, ఎక్కినవి లెక్కపెట్టి రాసుకోండి. లెక్క వారం వారం తగ్గుతుంటే ఓపిక పట్టండి. ఆస్తమా మనిషి ఉన్న ఇంట్లో ఈ ఓపికే ఊపిరిని కాపాడుతుంది. గదంతా పొగలా నింపే ఫాగర్ మంచం కిందకీ సందుల్లోకీ సరిగా చేరదు, గూళ్లని ఏమీ చేయదు. ఆ మందు తుంపర మాత్రం నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇల్లు దులుపుతుంటేనే ఆయాసం మొదలవుతోంది

దులపడమే తప్పు. చీపురుతో ఊడిస్తే ఫ్లీస్ రెట్ట, పిల్లి చుండ్రు, దుమ్ములో ఉండే మైట్స్ (కంటికి కనబడని పురుగులు) అన్నీ గాల్లోకి లేస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ పని చేయకూడదు, ఆ పూట ఆ ఇంట్లోనే ఉండకూడదు. కిటికీలన్నీ తెరిచి, వేరేవాళ్లు మాస్క్ కట్టుకుని సన్న దుమ్ముని కూడా పట్టేసే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్‌తో గోడల అంచులు, సోఫా మడతలు, మంచం కింద లాగాలి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజైనా చేయాలి. ఆ అదురుకి గూళ్లలోంచి పురుగులు బయటికి వస్తాయి, అది మనకి మంచిదే. లాగిన దుమ్ము వెంటనే కవర్లో మూతికట్టి బయట పారేయండి. హెపా లేని వాక్యూమ్ సన్న దుమ్మంతా వెనకనుంచి గదిలోకే వదులుతుంది, దానికంటే తడిగుడ్డే నయం. వేడినీళ్లలో సబ్బు వేసి బండల సందుల్ని బ్రష్‌తో రుద్దండి. ఫినాయిల్ వద్దు, దాని ఘాటు ఆస్తమాకి పడదు, అందులోని ఫినాల్ పిల్లికీ చెడు చేస్తుంది. పిల్లి పడుకునే దుప్పట్లు, డోర్ మ్యాట్లు వారం వారం 60 డిగ్రీల నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. పాత గోనెసంచీలు ఉంటే పారేయడమే.

వేపాకు పొగ, సాంబ్రాణి, కర్పూరం, కలరా ఉండలు, టీ ట్రీ నూనె... ఇవేవీ గూళ్లని చంపవు. పొగలు ఊపిరిని పట్టేస్తాయి, కలరా ఉండలూ టీ ట్రీ నూనే పిల్లికి విషం.

డాక్టరు రాసిన రోజువారీ ఇన్‌హేలర్ ఈ వారాల్లో ఒక్క పూట కూడా మానొద్దు, ఆయాసానికి వాడేది చేతికందేలా ఉండాలి. దాని వాడకం మామూలుకన్నా పెరిగితే ఛాతీ డాక్టర్ని కలవండి. పీల్చినా ఆయాసం తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఫ్లీస్ పూర్తిగా పోయాక కూడా ఆయాసం అలాగే ఉంటే కారణం పిల్లి చుండ్రే కావచ్చు, అలర్జీ పరీక్ష చేయించండి.

మూడు నెలలైనా లెక్క తగ్గలేదు

ఏదో జంతువు బయటినుంచి ఫ్లీస్‌ని తెస్తోంది. మెట్ల కింద పిల్లల్ని పెట్టిన వీధి పిల్లి, బాల్కనీలోకి వచ్చిపోయే పక్కింటి పిల్లి, అటక మీది ఎలుకలు... ఎక్కువగా మొదటిదే. అపార్టుమెంట్లో అందరూ కలిసి దానికీ చుక్కలు వేయించండి. పెస్ట్ కంట్రోల్ తప్పదనుకుంటే ఆస్తమా సంగతి, పిల్లి సంగతి ముందే చెప్పి, గాల్లోకి కొట్టకుండా సందుల్లో మాత్రమే పైరిప్రాక్సిఫెన్ (గుడ్లు, పిల్ల పురుగులు ఎదగకుండా ఆపేది) లాంటి మందు పెట్టించుకోండి. నేల పూర్తిగా ఆరి, గాలి ఆడేదాకా మనిషీ పిల్లీ లోపలికి రాకూడదు. సాక్సుల మీద లెక్క సున్నాకి వచ్చాక కూడా చుక్కల మందు ఇంకో మూడు నెలలు నెలనెలా వేస్తూనే ఉండండి.