డెమో ల్యాబుకు బయలుదేరే ముందు సీమేక్ ఫైలు చూసుకోండి

మార్చి, ఏప్రిల్ వస్తే గుంటూరు, విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీల్లో ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుల డెమోలు. ఎండకు చెమట, ఎర్రర్లకు ఇంకొంత చెమట. అందులో సగమైనా సీమేక్‌లో (కోడ్‌ను ఎలా బిల్డ్ చేయాలో చెప్పే పనిముట్టు) భాషలు ప్రకటించే ఒక్క వరుసలో పుడుతుందని నా అనుమానం.

నిరుడు విజయవాడలోని ఒక కాలేజీ ల్యాబులో నా ఎదుటే జరిగింది. సీ ప్లస్‌ప్లస్ ప్రాజెక్టులో బయటి నుంచి తెచ్చిన సీ ఫైలు ఒకటుంది. ముందు రాత్రి ఎవరో ‘ప్రాజెక్ట్’ ఆదేశంలో లాంగ్వేజెస్ పక్కన సీఎక్స్ఎక్స్ (సీ ప్లస్‌ప్లస్‌కు సీమేక్ పేరు) ఒక్కటే రాసి, మళ్లీ బిల్డ్ చేయకుండానే పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చారు. అసలు ఏమీ రాయకపోతే సీ, సీ ప్లస్‌ప్లస్ రెండూ వాటంతటవే వచ్చేవి. ఒకటే రాసేసరికి సీమేక్ ఆ సీ ఫైలును నోరు మెదపకుండా వదిలేసింది. చివర్లో, కంపైలైన ముక్కలను కలిపే లింకర్, ఫలానా ఫంక్షన్ దొరకలేదని మొరాయించింది. ప్రాజెక్టు చేసిన ముగ్గురు విద్యార్థులూ గంటసేపు కోడ్‌లో తప్పు వెతికారు. తప్పు రెండో వరుసలో ఉంది.

కాబట్టి మూల ఫైళ్ల పేర్ల చివరి పొడిగింపులన్నీ (సీ, సీపీపీ లాంటివి) ఒకసారి చూసి, ఉన్న భాషలే రాయండి. అసెంబ్లీ ఉంటే దాన్ని చివరన పెట్టండి. సీ కంపైలరే ఆ పని చేయగలదేమో సీమేక్ ముందుగా చూసుకోవాలి కదా.

‘ఎందుకైనా మంచిది’ అని ఫోర్ట్రాన్, క్యూడా (గ్రాఫిక్స్ కార్డుపై నడిచే కోడ్‌కు వాడేది) చేర్చకండి. ల్యాబులో ఆ కంపైలర్ లేకపోతే కాన్ఫిగర్ దశలోనే పని ఆగుతుంది. క్యూడా ఉంటే వాడాలి, లేకున్నా నడవాలి అనుకుంటే ‘చెక్ లాంగ్వేజ్’తో ముందు అడిగి, ఉంటేనే ‘ఎనేబుల్ లాంగ్వేజ్’ పిలవండి. దాన్ని ఫంక్షన్ లోపల పిలవకూడదు, ప్రాజెక్టు అన్నిటికన్నా పై ఫోల్డర్‌లోని సీమేక్ ఫైలులోనే ఉంచండి.

భాష ప్రకటిస్తే దాని ప్రమాణం (ఆ భాషలో ఏ వెర్షన్ అన్నది) కూడా ఖాయమైనట్టు కాదు. జీసీసీ కంపైలర్ 11వ వెర్షన్ మామూలుగా సీ ప్లస్‌ప్లస్ 17 తీసుకుంటుంది, 6 నుంచి 10 వరకు 14 మాత్రమే. ల్యాబుల్లో పాత కంపైలర్లు ఎన్నాళ్లుంటాయో మీకు నేను చెప్పాలా? ప్రమాణం 17 అని, అది తప్పనిసరి అని రెండూ రాయండి. రెండోది లేకపోతే, 17 తెలియని కంపైలర్ దొరికినప్పుడు సీమేక్ చప్పుడు లేకుండా పాత ప్రమాణానికి దిగిపోతుంది.

బిల్డ్ ఫోల్డర్‌ను మాత్రం పెన్‌డ్రైవ్‌లో మోసుకెళ్లవద్దు. సీమేక్ క్యాష్‌లో మీ లాప్‌టాప్ దారులే ఉంటాయి, వేరేచోట తెరిస్తే గొడవకు దిగుతుంది. మూల ఫైళ్లే తీసుకెళ్లి, స్నేహితుడి కంప్యూటర్లో ఖాళీ ఫోల్డర్‌లో ముందు రోజే ఒకసారి బిల్డ్ చేసి చూడండి. ఆ కంప్యూటర్ ఎంత పాతదైతే అంత మంచిది.