ఎస్కార్ట్ బిజినెస్ రిజిస్ట్రేషన్, ట్యాక్స్: ఎక్కడ మొదలుపెట్టాలి

ఈ పనిలోకి దిగేవాళ్ళు మొట్టమొదట కంపెనీ పేరు ఏం పెట్టాలి, వెబ్‌సైట్ ఎవరితో చేయించాలి అని అడుగుతారు. అవన్నీ తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: సంపాదించేది మీరొక్కరేనా, లేక ఇంకొకరి సంపాదనలో మీకు వాటా వస్తుందా? చాలా దేశాల్లో చట్టం గీత గీసేది సరిగ్గా ఇక్కడే. ఒంటరిగా పనిచేసే పెద్దవాళ్ళ జోలికి రాని చట్టాలు కూడా, మధ్యలో కమీషన్ తీసుకునే మనిషి కనపడగానే క్రిమినల్ కేసు పెట్టేస్తాయి. ఇక 18 ఏళ్ళ లోపువాళ్ళు, ఇష్టం లేకుండా వచ్చినవాళ్ళు అంటే ఏ దేశంలోనూ మాట్లాడుకోవడానికి ఏమీ లేదు, అది జైలే. అందుకే ఏజెన్సీ పెట్టేవాళ్ళు వయసు రుజువు చూడకుండా ఎవరినీ తీసుకోకూడదు.

ఇండియా సంగతి ముందే చెప్పేస్తా, ఆశపడి టైం వేస్ట్ చేసుకోకండి. పేపర్లలో పిటా చట్టం అని రాస్తుంటారే, ఆ 1956 నాటి చట్టం ప్రకారం ఇంకొకరి సంపాదన మీద బతకడం నేరం, మనిషిని కుదిర్చి పెట్టడం నేరం, ఇద్దరు కలిసి ఒకే ఇంట్లో తమ లాభం కోసం పనిచేసుకున్నా ఆ ఇల్లు వ్యభిచార గృహం కిందకే వస్తుంది. కాబట్టి ‘ఈవెంట్ మేనేజ్‌మెంట్’ అని జీఎస్టీ నంబర్ తీసుకుని లోపల ఎస్కార్ట్ సర్వీస్ నడిపితే మీకు రక్షణ ఏమీ దొరకదు, పోలీసులకి ఇంకో సాక్ష్యం దొరుకుతుంది.

చట్టం ఒప్పుకునే చోట్ల కూడా ఒక్కో దేశానిది ఒక్కో దారి. న్యూజిలాండ్‌లో 2003 చట్టం అన్నిటికంటే తేలికగా అర్థమవుతుంది: నలుగురి వరకు కలిసి పనిచేస్తూ, ఎవరి సంపాదన వాళ్ళ చేతిలోనే ఉంటే ఆపరేటర్ సర్టిఫికెట్ (ఈ వ్యాపారం నడపడానికి ఇచ్చే అనుమతి కాగితం) అక్కర్లేదు, అది దాటితే తీసుకోవాల్సిందే. జర్మనీలో 2017 జులై నుంచి పనిచేసే ప్రతి ఒక్కరూ విడిగా రిజిస్టర్ అవ్వాలి, దానికి ముందు హెల్త్ కౌన్సెలింగ్‌కి వెళ్ళాలి. కావాలంటే అసలు పేరు కాకుండా మారుపేరుతో కూడా గుర్తింపు కాగితం ఇస్తారు. క్లయింట్లని కుదిర్చే ఏజెన్సీ అయితే వేరేగా పర్మిట్ తీసుకోవాలి, అందులో మీ పాత కేసులు, బిజినెస్ నడిపే ప్లాన్ అన్నీ చూస్తారు. ఆస్ట్రేలియాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. విక్టోరియా, క్వీన్స్‌లాండ్ ఈమధ్యే చట్టాలు మార్చాయి కాబట్టి పాత సలహాలు నమ్మొద్దు.

ఇంగ్లండ్, వేల్స్‌లో చాలామంది ఇరుక్కుంటారు. అక్కడ ఒక్కరే పనిచేయడం నేరం కాదు, కానీ భయమేసి తోడుగా ఇంకో అమ్మాయిని అదే ఫ్లాట్‌లో పెట్టుకుంటే అది బ్రోతల్ అయిపోతుంది. లాభం కోసం ఇంకొకరి పనిని కంట్రోల్ చేయడం అక్కడి 2003 లైంగిక నేరాల చట్టం కింద నేరం. సేఫ్టీ కోసం ఇద్దరుంటే నేరం, ఒంటరిగా ఉంటే సరే అనడం నాకైతే బొత్తిగా అర్థం లేని రూల్ అనిపిస్తుంది, కానీ ఉన్న చట్టం అదే. స్వీడన్, ఫ్రాన్స్, ఐర్లండ్, కెనడా లాంటి చోట్ల కొనడం నేరం, అంటే మీ కస్టమరే నిందితుడు, అలాంటి చోట బిజినెస్ ప్లాన్ ఎలా వేస్తారో మీరే ఆలోచించుకోండి. అమెరికాలో నెవాడాలోని కొన్ని కౌంటీల్లో, అదీ లైసెన్స్ ఉన్న బ్రోతళ్ళలో మాత్రమే అనుమతి, లాస్ వెగాస్‌లో లేదు. డిన్నర్‌కో ఫంక్షన్‌కో తోడుగా వెళ్ళడం వరకే లైసెన్స్ ఇచ్చే ఊళ్ళు కొన్ని ఉన్నాయి, ఆ గీత దాటితే లైసెన్స్ మిమ్మల్ని కాపాడదు.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇక్కడ ఆగి రెండుసార్లు చదవండి. న్యూజిలాండ్‌లో టెంపరరీ వీసా ఉన్నవాళ్ళు ఈ పని చేయకూడదు, నడపకూడదు, పెట్టుబడి కూడా పెట్టకూడదు. పని చట్టబద్ధమే అయినా వీసా పోతుంది. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలోనైతే గత పదేళ్ళలో ఈ పని చేసినవాళ్ళకి ప్రవేశం నిరాకరించవచ్చని ఉంది, చేసిన దేశంలో అది లీగల్ అయినా సరే.

సరే, మీరున్న చోట అనుమతి ఉంది అనుకుందాం. ఒక్కరే అయితే సొంత పేరు మీద సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌గా రిజిస్టర్ అవ్వడమే మేలు. కంపెనీ పెడితే గౌరవంగా ఉంటుందని అనుకుంటారు గానీ, బ్రిటన్‌లో కంపెనీ పెట్టగానే డైరెక్టర్ పేరు, పుట్టిన నెల, సంవత్సరం, రిజిస్టర్డ్ అడ్రస్ అన్నీ ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. సెల్ఫ్ ఎంప్లాయ్డ్‌కి అలాంటి బహిరంగ జాబితా లేదు. ఈ పనిలో ప్రైవసీ కంటే విలువైనది ఏముంది? ఆస్ట్రేలియాలో మాత్రం ఏబీఎన్ (వ్యాపారానికి ఇచ్చే నంబర్) తీసుకుంటే మీ పేరు, పోస్ట్‌కోడ్ వెతికితే దొరుకుతాయి, అది తెలిసే తీసుకోండి. అద్దె ఇల్లు అయితే అగ్రిమెంట్‌లో ఇంటి నుంచి బిజినెస్ చేయొచ్చా అనేది కూడా చూసుకోవాలి.

ఫారంలో పని వివరం దగ్గర ఏం రాయాలి అని అందరికీ టెన్షన్. ‘వ్యక్తిగత సేవలు’ లాంటి పొడి మాట రాస్తే చాలు, వివరాలన్నీ విప్పి చెప్పాల్సిన పని లేదు. కానీ అబద్ధం రాయొద్దు. ముఖ్యంగా బ్యాంకుకి ఫొటోగ్రఫీ అనో కన్సల్టింగ్ అనో చెప్పి ఖాతా తెరిస్తే, ఏదో ఒకరోజు ఖాతా మూసేస్తారు, అందులో డబ్బు వారాల తరబడి ఇరుక్కుంటుంది. కార్డ్ పేమెంట్ కంపెనీల్లో చాలావాటికి ఎస్కార్ట్ సర్వీసులు నిషేధిత జాబితాలోనే ఉంటాయి కాబట్టి నియమాలు చదివాకే సైన్ అప్ అవ్వండి.

ఇప్పుడు ట్యాక్స్. క్యాష్‌లో వచ్చింది కదా, ఎవరికి తెలుస్తుందిలే అనే ఆలోచన మానుకోండి. ట్యాక్స్ శాఖకి మీ పని మీద అభిప్రాయం ఏమీ ఉండదు, ఆదాయం ఉంటే చాలు. ఈ పనిలో వచ్చిన ఆదాయం కూడా వ్యాపార ఆదాయమే, పన్ను కట్టాల్సిందే అని 1990లోనే ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు తేల్చేసింది. అమెరికా ట్యాక్స్ గైడ్‌లో అయితే అక్రమ సంపాదన కూడా రిటర్న్‌లో చూపించాలని ఓపెన్‌గానే రాసి ఉంటుంది.

లెక్కలకి చాలాచోట్ల పెద్ద సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు. తేదీ, వచ్చిన మొత్తం, క్యాషా బ్యాంకా, బుకింగ్ నంబర్ ఉంటే చాలు. క్లయింట్ పేరు ఖాతా పుస్తకంలో రాయకండి, నంబర్ ఇచ్చుకుంటే అతని ప్రైవసీ, మీ ప్రైవసీ రెండూ నిలుస్తాయి. ఏజెన్సీకి ఇచ్చిన కమీషన్‌ని మాత్రం నికర మొత్తంలో కలిపేయకుండా, పూర్తి ఆదాయం ఒకచోట, కమీషన్ ఖర్చుగా ఇంకోచోట రాయాలి.

ప్రకటనలు, వెబ్‌సైట్, పనికి వాడే ఫోన్, గది అద్దె, బుకింగ్‌కి వెళ్ళే ప్రయాణం, కండోమ్‌లు, అకౌంటెంట్ ఫీజు, ఇవన్నీ మామూలుగా ఖర్చు కింద చూపించుకోవచ్చు. బట్టలు, పార్లర్, జిమ్ దగ్గరే గొడవ. 1983లో బ్రిటన్‌లో ఒక మహిళా లాయర్ కోర్టుకి వేసుకెళ్ళే నల్ల బట్టల ఖర్చు అడిగితే, ఆ బట్టలు ఒళ్ళు కప్పుకోడానికి కూడా పనికొస్తాయి కదా అని అప్పటి అక్కడి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్ కొట్టేసింది. లాయర్‌కే దక్కనిది మీకు దక్కుతుందని లెక్క వేసుకోకండి. వేషం లాంటి, బయట వేసుకోలేని డ్రెస్ అయితే వాదించడానికి కాస్త వీలుంటుంది.

వచ్చిన ప్రతి పేమెంట్‌లో పాతిక నుంచి ముప్పై శాతం వేరే ఖాతాలో పడేయండి, ముట్టుకోకండి. బ్రిటన్‌లో మొదటి ఏడాది చాలామందికి గుండె గుభేల్‌మంటుంది, ఎందుకంటే బిల్లు 6,000 పౌండ్లు వస్తే జనవరి 31న దానితోపాటు వచ్చే ఏడాదికి అడ్వాన్స్‌గా సగం, అంటే మొత్తం 9,000 కట్టాలి, జులై 31న మళ్ళీ 3,000. అమెరికాలో ఏడాదికి నాలుగుసార్లు అంచనా పన్ను కట్టాలి, అందులో ఆదాయపు పన్నుతోపాటు 15.3 శాతం సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా కలుస్తుంది.

టర్నోవర్ మీద పన్ను ఇంకో తలనొప్పి. బ్రిటన్‌లో వ్యాట్‌కి 90,000 పౌండ్లు, ఆస్ట్రేలియాలో జీఎస్టీకి 75,000 డాలర్లు, న్యూజిలాండ్‌లో 60,000 డాలర్లు పరిమితి. ఒక్కరే అయితే చాలామంది దీని దాకా రారు. ఏజెన్సీ అయితే అసలు ప్రశ్న మీ టర్నోవర్ ఏది అన్నది: క్లయింట్ కట్టిన మొత్తమా, మీ కమీషన్ మాత్రమేనా? క్లయింట్‌తో ఒప్పందం ఎవరిదో, రేటు ఎవరు పెడతారో, డబ్బు ఎవరి చేతికి వస్తుందో దాన్నిబట్టి తేలుస్తారు. అన్నీ మీరే చేస్తూ కాగితం మీద మాత్రం ‘మేం పరిచయం చేసేవాళ్ళమే’ అని రాసుకుంటే ఆఫీసర్ ముందు నిలబడదు. అంతేకాదు, పని గంటలు, రేట్లు మీరే నిర్ణయిస్తే మీ దగ్గర పనిచేసేవాళ్ళు ఫ్రీలాన్సర్లు కాదు, మీ ఉద్యోగులు అనేస్తారు, జీతం మీద పట్టాల్సిన పన్నులన్నీ వెనక్కి లెక్కగట్టి మీ నెత్తిన పడతాయి. క్లయింట్‌ని వద్దనే హక్కు మాత్రం ఎప్పుడూ పనిచేసే మనిషిదే, న్యూజిలాండ్‌లో అది చట్టంలోనే ఉంది, మీ అగ్రిమెంట్‌లో కూడా ఆ మాట రాయించండి.

అకౌంటెంట్ దగ్గర సిగ్గుపడి సగం చెప్పకండి. ముఖం చిట్లించేవాడైతే ఇంకొకరిని వెతుక్కోండి, సెక్స్ వర్కర్ల సంఘాలు ఉన్న దేశాల్లో వాళ్ళనడిగితే ఈ పని తెలిసిన అకౌంటెంట్ల పేర్లు చెబుతారు. పని ఆపేసినప్పుడు రిజిస్ట్రేషన్ రద్దు చేయించడం మర్చిపోవద్దు, లేకపోతే ఆదాయం లేకపోయినా రిటర్న్ వేయలేదని పెనాల్టీ నోటీసులు వస్తూనే ఉంటాయి, పాత పుస్తకాలు కూడా వెంటనే పారేయకండి, బ్రిటన్‌లో రిటర్న్ గడువు తర్వాత ఐదేళ్ళు, న్యూజిలాండ్‌లో ఏడేళ్ళు ఉంచాలి.