ఊరు మారాక తొలి ఉగాది: పదిమందితో కలిసి బొబ్బట్లు ఎలా చేయాలి?

కొత్త ఊళ్లో ఉగాదికి స్నేహితుల్ని ఒంటిగంటకు భోజనానికి రమ్మనకండి. పొద్దున పదింటికే వంటకు రమ్మనండి. వడ్డించిన విస్తరి ముందు కూర్చుని తిని వెళ్లినవాళ్లు చుట్టంచూపుగానే మిగిలిపోతారు. రెండు గంటలు పిండి చేతులతో మీ వంటింట్లో తిరిగినవాళ్లకు ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలుస్తుంది. ఇంకోసారి వచ్చినప్పుడు టీ వాళ్లే పెడతారు. తలా ఒక వంటకం తెచ్చే పద్ధతి వద్దు. అందులో చేతులు కలవవు.

పుణెలోనో బెంగళూరులోనో ఉంటే పక్కింటివాళ్లనూ పిలవండి. అదే రోజు మరాఠీవాళ్లకు గుడీ పాడ్వా, కన్నడిగులకు యుగాది. పూరణ్ పోళీ, హోళిగె చేసే చేతులకు బొబ్బట్టు కొత్త కాదు.

ముప్పై బొబ్బట్లకు పచ్చిశనగపప్పు, బెల్లం, మైదా అరకిలో చొప్పున, పది యాలకులు, పావుకిలో నెయ్యి చాలు. మైదాలో చిటికెడు ఉప్పు, పసుపు వేసి చపాతీ పిండికన్నా మెత్తగా, సాగేలా కలిపి, నూనె పోసి రెండు గంటలు నాననివ్వండి. పప్పు గంటసేపు నానబెట్టి, ఉడికించి వార్చండి. ఆ కట్టుతో చారు పెట్టండి.

ఇక పూర్ణం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. పప్పు వేళ్ల మధ్య నొక్కితే మెదగాలి, ముద్దయిపోకూడదు. ముద్దయితే నీరు పట్టి పూర్ణం జారుతుంది. బెల్లం వేయకముందే రుబ్బాలి. ఒక్క బద్ద మిగిలినా ఒత్తేటప్పుడు అక్కడే చిరుగుతుంది.

బెల్లం కలిపి పొయ్యి మీద పెట్టగానే అంతా పలచబడుతుంది. కంగారుపడి శనగపిండి కలపకండి, పచ్చివాసన పోదు. సన్నని మంట మీద అడుగంటకుండా తిప్పుతూనే ఉండండి. గిన్నె అంచులు వదిలాక చిన్న ఉండ తీసి పళ్లెంలో రెండు నిమిషాలు ఆరనివ్వండి. చేతికి అంటకుండా గుండ్రంగా నిలిచిందా, వెంటనే దించి యాలకుల పొడి కలపండి. ఇంకాస్త బిగియాలని ఆగితే బెల్లం పాకం ముదిరి, చల్లారాక పూర్ణం పొడిపొడి అవుతుంది. జారితే మళ్లీ పొయ్యెక్కించండి. గట్టిపడితే చెంచాడు వేడిపాలు చిలకరించి పిసకండి.

ఈ పని ముందురోజు రాత్రే ఒక్కరే చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టాలి. మాటల్లో పడితే మాడుతుంది. మాటలకు వీలున్న పని మర్నాటిది: ఒకరు నిమ్మకాయంత ఉండలు చేస్తారు, ఒకరు పిండిలో పొదుగుతారు, ఇద్దరు నూనె రాసిన అరిటాకు మీద చేత్తో ఒత్తుతారు, ఒకరు పెనం దగ్గర నిలబడి నెయ్యి వేసి కాలుస్తారు. అప్పడాల కర్ర వాడకండి, పూర్ణం ఒకవైపుకు తోసుకుపోతుంది.

పచ్చడిలో వేపపువ్వు తినేముందే కలపండి, నానితే చేదు ఎక్కువవుతుంది.

వెళ్లేటప్పుడు ప్రతి ఇంటికీ రెండేసి బొబ్బట్లు మీ స్టీలు డబ్బాలోనే పెట్టివ్వండి, కాగితం పొట్లాల్లో కాదు. మన ఇళ్లలో డబ్బాను ఖాళీగా తిరిగివ్వరు. దాని కోసం ఫోన్ చేసి అడక్కండి. వచ్చినప్పుడు లోపల పూరణ్ పోళీ ఉండొచ్చు, ఆవకాయ ఉండొచ్చు.