పసిబిడ్డ వరసగా ఉలికిపడుతుంటే: వీడియో నుంచి మందు దాకా

నాలుగైదు నెలల బిడ్డ నిద్ర లేచిన కాసేపటికి తల గబుక్కున ముందుకు వంగుతుంది, రెండు చేతులూ పైకి లేస్తాయి, ఒకటి రెండు సెకన్లలో మామూలవుతుంది. ఐదు పది సెకన్లు ఆగి మళ్లీ అదే. ఇలా పది, ఇరవై సార్లు వరస కడుతుంది, మధ్యమధ్యలో ఏడుపు. ఇంట్లో కడుపునొప్పి అనుకుని గ్రైప్ వాటర్ పడతారు, దిష్టి తీస్తారు. కొట్టుకోవడం, నురగ రావడం లేవు కాబట్టి ఫిట్స్ అన్న అనుమానమే రాదు. ఇవి ఇన్‌ఫాంటైల్ స్పాజమ్స్ కావచ్చు. ఎక్కువగా 3 నుంచి 12 నెలల వయసు మధ్య మొదలయ్యే తీవ్రమైన మూర్ఛ ఇది.

దీన్ని మొదట వర్ణించింది ఇంగ్లండ్‌లోని టన్‌బ్రిడ్జ్ ఊరి డాక్టరు విలియం జేమ్స్ వెస్ట్. 1841లో లాన్సెట్ అనే వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. అందులోని రోగి ఆయన కొడుకే. వందేళ్లు దాటాక, 1958లో, ఏసీటీహెచ్ అనే హార్మోను దీనిమీద పనిచేస్తుందని తెలిసింది. ఆ తర్వాత బ్రిటన్‌లో జాన్ ఆస్బోర్న్, ఫిన్‌బార్ ఓకల్లఘన్ వంటి డాక్టర్లు ఏళ్ల తరబడి ఈ జబ్బు మీద పనిచేశారు. తల్లిదండ్రులకు వాళ్ల ఫలితాల్లో అన్నిటికన్నా పనికొచ్చేది ఇది: స్పాజమ్స్ మొదలైన రోజుకూ మందు మొదలైన రోజుకూ మధ్య ఎడాన్ని వారంలోపు, రెండు వారాల్లోపు, నెలలోపు, రెండు నెలల్లోపు, ఆపైన అని ఐదు మెట్లుగా విడదీసి, పిల్లలకు 4 ఏళ్లు వచ్చాక పరీక్షించారు. ఒక్కో మెట్టు ఆలస్యానికి ఎదుగుదల స్కోరు సగటున 3.9 పాయింట్లు తగ్గింది. అందుకే వీడియో తీయడం నుంచి మందు మొదలుపెట్టడం దాకా అన్నీ వారం లోపల జరగాలి.

ఉలికిపాటా, స్పాజమా?

మామూలు ఉలికిపాటుకు చప్పుడో, తల వాలిపోవడమో ఏదో ఒక కారణం ఉంటుంది, వరసగా రాదు, నాలుగైదు నెలలకు తగ్గిపోతుంది. నిద్రలో మాత్రమే కాళ్లూ చేతులూ అదిరి, లేపగానే ఆగిపోతే అది చాలావరకు ప్రమాదం లేనిదే. పాలు తాగాక ఒళ్లు వెనక్కి విరుచుకుని కక్కుతుంటే పాలు పైకి తన్నుతున్నాయేమో చూడాలి. కడుపునొప్పి ఏడుపు నిమిషాల తరబడి సాగుతుంది; స్పాజమ్ క్షణంలో మొదలై క్షణంలో ముగిసి, మళ్లీ వస్తుంది. అన్ని స్పాజమ్స్ ముందుకే వంగవు. కొందరిలో ఒళ్లు వెనక్కి విరుచుకుంటుంది, కొందరిలో కళ్లు పైకి తిరిగి తల చిన్నగా ఊగడం ఒక్కటే కనిపిస్తుంది.

రెండో గుర్తు ఇంకా ముఖ్యం. నవ్వే బిడ్డ నవ్వడం మానేసిందా? మొహంలోకి చూడటం లేదా? నిలిపిన మెడ మళ్లీ వాలుతోందా, బోర్లా పడటం ఆగిందా? వరస ఉలికిపాట్లకు వీటిలో ఒక్కటి తోడైనా మర్నాటి దాకా ఆగొద్దు.

వీడియో

డాక్టరు ముందు బిడ్డ ఉలికిపడదు. కాబట్టి వీడియోనే సాక్ష్యం. నిద్ర లేచే వేళకు ఫోను చేతిలో సిద్ధంగా ఉంచుకోండి. దుప్పటి, చేతి తొడుగులు తీసేసి, వెలుతురున్న చోట బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. ఎత్తుకోవద్దు, ఎత్తుకుంటే చేతుల కదలిక తెలియదు. ఫోను అడ్డంగా పట్టి మొహం నుంచి పాదాల దాకా పడేట్టు కనీసం రెండు నిమిషాలు తీయండి. జూమ్ వద్దు. తీస్తూనే బిడ్డను పేరు పెట్టి పిలవండి. పిలుపుకు స్పందిస్తోందో లేదో అందులోనే తెలుస్తుంది. తీసిన ఫైలును ఫోన్‌లోంచి చెరపకండి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే మసకబారుతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఒక చిన్న పుస్తకంలో రోజూ తేదీ, వరస మొదలైన సమయం, అందులో ఎన్నిసార్లు వచ్చింది, నిద్రకు ముందా తర్వాతా అన్నవి రాయండి. మందు పనిచేస్తోందో లేదో తేల్చేది ఈ పుస్తకమే.

ఈఈజీ

తలకు తీగలు పెట్టి మెదడు సంకేతాలను రికార్డు చేసే పరీక్ష ఇది. ముందు రోజు రాత్రి షాంపూతో తలంటండి. మన ఇళ్లలో జరిగే పొరపాటు ఇక్కడే: పరీక్ష రోజు పొద్దున తలకు కొబ్బరి నూనో ఆముదమో రాస్తారు, దాంతో తలకు పెట్టే తీగలు అంటుకోవు, రికార్డంతా గీతల గందరగోళమే అవుతుంది. తీగల్లోంచి కరెంటు లోపలికి పోదు, అవి మెదడు సంకేతాలను చదువుతాయంతే.

నిద్ర, నిద్ర లేవడం రెండూ రికార్డులో ఉండాలి. ఈ జబ్బులో కనిపించే హిప్సారిథ్మియా అనే అస్తవ్యస్తమైన నమూనా నిద్రలోనే బాగా బయటపడుతుంది. బిడ్డ మెలకువగా ఉండగా తీసిన ఇరవై నిమిషాల ఈఈజీ నార్మల్ అని వస్తే దాన్ని నమ్మి ఇంటికి వెళ్లిపోవద్దు, నిద్రలో మళ్లీ తీయమని అడగండి. దారిలో బిడ్డను నిద్రపోనివ్వకుండా, అక్కడికి వెళ్లాక పాలు పట్టండి. నిద్రమందు ఇస్తామంటే ఎంతసేపటి ముందు పాలు ఆపాలో వాళ్లనే అడగండి.

కారణం కోసం ఎమ్మారై తీస్తారు. పుట్టగానే ఏడవకపోవడం, పుట్టిన మొదటి రోజుల్లో షుగర్ పడిపోవడం మన దేశంలో తరచూ కనిపించే కారణాలు కాబట్టి కాన్పు నాటి డిశ్చార్జి కాగితం తప్పక తీసుకెళ్లండి. ఒంటిమీద ఆకు ఆకారంలో తెల్ల మచ్చలుంటే చూపించండి. అవి ట్యూబరస్ స్క్లీరోసిస్ అనే జన్యు జబ్బు గుర్తులైతే మందు ఎంపికే మారుతుంది, మొదట విగాబాట్రిన్ అనే మందు ఇస్తారు.

మందులు

మామూలు ఫిట్స్ సిరప్‌లు దీనికి సరిపోవు. మొదటి వరస మందులు మూడే: ఏసీటీహెచ్ ఇంజెక్షన్, ఎక్కువ మోతాదు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్, విగాబాట్రిన్. మొదటి రెంటినీ హార్మోను మందులంటారు. 377 మంది పిల్లల మీద జరిగిన పరీక్షలో హార్మోను మందుకు విగాబాట్రిన్ కలిపితే 72 శాతం మందిలో స్పాజమ్స్ ఆగాయి, హార్మోను ఒక్కటే ఇస్తే 57 శాతం మందిలో. అయితే ఏడాదిన్నర వయసులో ఎదుగుదలలో తేడా కనిపించలేదు. కాబట్టి రెండూ కలపాలా వద్దా అన్నది బిడ్డను బట్టి డాక్టరు తేలుస్తారు.

బ్రిటిష్ పద్ధతిలో ప్రెడ్నిసోలోన్ 10 మి.గ్రా. రోజుకు నాలుగుసార్లు, 14 రోజులు. వారానికీ ఆగకపోతే 20 మి.గ్రా. మూడుసార్లు, ఆ తర్వాత 15 రోజుల్లో మెల్లగా తగ్గింపు. మన దగ్గర బరువును బట్టి లెక్కకట్టడమూ ఉంది. చీటీ చూసి 'ఇంత డోసా' అని బెదిరి సగమే పట్టేవాళ్లున్నారు. అలా చేస్తే దుష్ఫలితాలు వస్తాయి, జబ్బు మాత్రం ఆగదు. ఇంకో పొరపాటు సీసా దగ్గర. ఈ సిరప్ 5 మి.లీ.కి 5 మి.గ్రా. అని ఒకటి, 5 మి.లీ.కి 15 మి.గ్రా. అని ఒకటి దొరుకుతాయి. 10 మి.గ్రా. అంటే మొదటిదాంట్లో 10 మి.లీ., రెండోదాంట్లో 3.3 మి.లీ. షాపువాడు సీసా మార్చిస్తే డోసు మూడింతలు అటో ఇటో అవుతుంది. ప్రతిసారీ లేబుల్ చదవండి, చెంచా వాడకుండా సిరంజితో కొలవండి.

విగాబాట్రిన్ పొడి ప్యాకెట్ 500 మి.గ్రా. అయితే 10 మి.లీ. నీళ్లలో కలపాలి, అప్పుడు మి.లీ.కి 50 మి.గ్రా. 7 కిలోల బిడ్డకు కిలోకు 50 మి.గ్రా. చొప్పున రోజుకు 350, అంటే పూటకు 175, సిరంజిలో 3.5 మి.లీ. మిగిలింది పారబోసి, మళ్లీ పూటకు కొత్తగా కలపండి. మోతాదును డాక్టరు తర్వాత పెంచుతారు. ఎక్కువ కాలం వాడేకొద్దీ పక్కచూపు శాశ్వతంగా తగ్గే ప్రమాదం పెరుగుతుంది. అందుకే కంటి పరీక్ష చేయించాలి, ఎప్పుడు ఆపాలో మొదటి రోజే అడిగి రాసుకోవాలి.

స్టెరాయిడ్ నడుస్తున్నన్నాళ్లు

బిడ్డకు విపరీతమైన ఆకలి, చిరాకు ఉంటాయి, మొహం ఉబ్బుతుంది. ఇవన్నీ మందు తగ్గించాక పోతాయి. పైకి కనిపించనిది బీపీ. పసిపిల్లల చేతికి సరిపోయే బీపీ పట్టీ ఉన్న చోట వారానికి ఒకట్రెండు సార్లు చూపించాలి. మూత్రంలో షుగర్ కూడా చూస్తారు. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా, మానని దగ్గున్నా మందు మొదలుపెట్టకముందే చెప్పండి. జ్వరం వచ్చినా, ఆటలమ్మ ఉన్నవాళ్ల దగ్గరికి బిడ్డ వెళ్లినా అదే రోజు ఫోను చేయండి. పోలియో చుక్కలు, రోటావైరస్, 9 నెలల ఎంఆర్ వంటి లైవ్ టీకాలు ఈ సమయంలో వేయించకూడదు. పల్స్ పోలియో రోజు ఇంటికొచ్చే ఆశా కార్యకర్తకు ముందే చెప్పి ఉంచండి. స్పాజమ్స్ ఆగాయని మందు హఠాత్తుగా మానేస్తే బిడ్డ ప్రాణానికే ప్రమాదం.

రెండు వారాల తర్వాత

రోజుకు పది వరసలు రెండుకు తగ్గాయంటే ఇంట్లో పండగే, కానీ వైద్యం లెక్కలో మందు ఇంకా పనిచేయనట్టే. స్పాజమ్స్ పూర్తిగా ఆగాలి, నిద్ర ఈఈజీలో హిప్సారిథ్మియా పోవాలి. లేదంటే అదే మందును నెలల తరబడి సాగదీయకుండా మార్చమని అడగండి. ఆపైన కీటోజెనిక్ డైట్ (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ ఉండే ఆహారం) ఉంది, మెదడులో ఒకే చోట మచ్చ ఉంటే ఆపరేషన్ ఉంది.

ఆగినవాళ్లలోనూ కొన్ని నెలల్లో తిరగబెట్టడం అరుదేమీ కాదు, కాబట్టి పుస్తకం మూయొద్దు. మెడ నిలపడం, కూర్చోవడం వంటివాటికి ఫిజియోథెరపీ ఈలోగానే మొదలవ్వాలి. జిల్లా ఆసుపత్రిలో ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్యానికి ప్రభుత్వ పథకం) కింద నడిచే డీఈఐసీ అనే పిల్లల ఎదుగుదల కేంద్రంలో ఇది ఉచితం. వెళ్లేటప్పుడు ఈఈజీ రిపోర్టు, మందుల చీటీ, ఆ పుస్తకం వెంట ఉంచుకోండి.