మానవ ఈజీఎఫ్‌తో ప్రయోగశాల పని – నాలుగో పాఠం: పొడి నుంచి ద్రావణం దాకా

ఈ.కోలై బాక్టీరియా చేత మానవ ఈజీఎఫ్‌ను (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్, అంటే కణాలను పెరగమని ప్రేరేపించే ప్రోటీన్) ఎలా తయారు చేయిస్తారో గత పాఠంలో చూశాం. 53 అమైనో ఆమ్లాలు, మూడు డైసల్ఫైడ్ బంధాలు, దాదాపు 6.2 కిలోడాల్టన్ల బరువు ఉన్న చిన్న ప్రోటీన్ అది. ఇప్పుడు 100 మైక్రోగ్రాముల పొడిగా, ఒక వయల్‌లో (చిన్న మూత సీసాలో) మీ చేతికి వచ్చిందనుకుందాం. కణాలు పెరగలేదని తల పట్టుకునే వాళ్లలో చాలామంది తప్పును కణాల దగ్గర వెతుకుతారు. అది తరచుగా ఈ వయల్ దగ్గరే జరిగి ఉంటుంది. అందుకే ఈ పాఠంలో నెమ్మదిగా నడుద్దాం.

వయల్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. లోపల ఏమీ లేనట్టే అనిపించవచ్చు. కంగారుపడకండి. 100 మైక్రోగ్రాములంటే గ్రాములో పదివేలో వంతు. అది గాజుకు కంటికి ఆనని పొరగా అంటుకుని ఉంటుంది, లేదా రవాణాలో కదిలి మూతకు చేరి ఉంటుంది. వయల్ గది ఉష్ణోగ్రతకు వచ్చేదాకా ఆగండి. చల్లగా ఉండగానే తెరిస్తే గాలిలోని తేమ లోపల చేరుతుంది. తర్వాత మూత తీయకుండానే సెంట్రిఫ్యూజ్‌లో కొన్ని సెకన్లు తిప్పితే పొడి అంతా అడుగుకు దిగుతుంది.

ఇక కరిగించడం. ముందు వయల్‌తో వచ్చిన కాగితం చదవండి. ఈజీఎఫ్ శుభ్రమైన స్టెరైల్ నీటిలో కరుగుతుంది, కానీ ఇంటర్‌ల్యూకిన్-2 లాంటి కొన్ని ఇతర ప్రోటీన్లకు పలుచని అసిటిక్ ఆమ్లం అవసరమవుతుంది. ఒక మిల్లీలీటర్ నీటిని లోపలి గోడ వెంట మెల్లగా జార్చి పది నిమిషాలు అలాగే వదిలేయండి. తర్వాత వయల్‌ను వేళ్ల మధ్య నిదానంగా తిప్పితే చాలు. గట్టిగా కుదపకండి, వోర్టెక్స్ (ట్యూబులను వేగంగా కుదిపే యంత్రం) మీద పెట్టకండి. నురగ వచ్చిందంటే, గాలీ నీరూ కలిసేచోట ప్రోటీన్ మడతలు విడిపోయే అవకాశం ఉంది. ఇప్పుడు మీ దగ్గరున్నది మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల మూల ద్రావణం.

లెక్క చూద్దాం. 50 మిల్లీలీటర్ల మీడియంలో (కణాలను పెంచే పోషక ద్రవంలో) మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు కావాలి. మొత్తం 1000 నానోగ్రాములు, అంటే ఒక మైక్రోగ్రాము. మూల ద్రావణంలో 10 మైక్రోలీటర్లు సరిపోతాయి. అలాంటప్పుడు మూల ద్రావణాన్ని 25 మైక్రోలీటర్ల చొప్పున చిన్న ట్యూబుల్లో పంచుకోండి. ఒక్కో ట్యూబు రెండు సీసాల మీడియానికి వస్తుంది, ట్యూబు గోడకు అంటుకునే కాస్త కూడా అందులోనే పోతుంది. తేదీ, గాఢత రాసి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. ఒకసారి కరిగిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించవద్దు. పదేపదే గడ్డకట్టి కరిగితే ప్రోటీన్ పనితనం తగ్గుతుంది.

ప్లాస్టిక్ గోడ సంగతి ఇంకొంచెం చెప్పాలి. ద్రావణం పలుచనయ్యే కొద్దీ గోడకు అతుక్కుపోయే ప్రోటీన్ వాటా పెరుగుతుంది. మిల్లీలీటరుకు ఒక మైక్రోగ్రాము స్థాయికి దించారంటే ఆ నష్టం లెక్కలను తారుమారు చేయగలదు. అందుకే పలుచన చేసే ద్రావణంలో 0.1 శాతం బోవైన్ ఆల్బ్యుమిన్ (ఆవు రక్తంలోని ప్రోటీన్) కలుపుతారు. గోడలను అదే ముందు ఆక్రమిస్తుంది. అయితే ఈజీఎఫ్‌కు ఫ్లోరోసెంట్ రంగు అతికించే పని పెట్టుకుంటే ఆల్బ్యుమిన్ వద్దు, రంగంతా దానికే పడుతుంది. ఆల్బ్యుమిన్ లేని పలుచని ద్రావణాన్ని ఫిల్టర్ గుండా పంపడమూ మంచిది కాదు, పొరకే చాలా భాగం అంటుకుంటుంది.

వయల్ మీద ‘పరిశోధన అవసరాలకు మాత్రమే’ అని ఉంటుంది. దాన్ని మొక్కుబడి మాటగా తీసుకోకండి. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసే రీజెన్-డి జెల్‌లోనూ మానవ ఈజీఎఫే ఉంది. మధుమేహుల పాదాల పుండ్లకు దాన్ని వాడతారు. కానీ అది ఔషధ ప్రమాణాలతో తయారై, అనుమతులు పొందిన మందు. మన వయల్‌ను ఆ దృష్టితో పరీక్షించలేదు. బాక్టీరియా నుంచి మిగిలిన ఎండోటాక్సిన్ (బాక్టీరియా పైపొరలోని విష పదార్థం) ఎంతో కొంత ఉండవచ్చు. రోగనిరోధక కణాలతో పనిచేసేవాళ్లు ప్రయోగానికి ముందే ఆ అంకెను చూసుకోవాలి, లేకపోతే ఎండోటాక్సిన్ ప్రభావాన్ని ప్రోటీన్ ప్రభావంగా రాసుకుంటారు.

అభ్యాసం: 96 గుంటల ప్లేటులో ఒక్కో గుంటకు 100 మైక్రోలీటర్ల మీడియం, మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల ఈజీఎఫ్ కావాలి. మూల ద్రావణం నుంచి నేరుగా తీస్తే గుంటకు 0.02 మైక్రోలీటర్లు వస్తుంది. ఏ పిపెట్టూ అంత కొలవలేదు. మధ్యలో ఒక పలుచన దశ పెట్టి, దాని గాఢతనూ గుంటకు వేయాల్సిన పరిమాణాన్నీ లెక్కకట్టండి. జవాబు ఐదో పాఠంలో, కణాలపై ఈజీఎఫ్ పనితనాన్ని కొలిచే ముందు చూద్దాం.