కీబోర్డు సౌండ్ పగులుతోందా? మెకానిక్ దగ్గరికి వెళ్ళే ముందు ఇలా చూడండి

పోయిన శ్రీరామనవమికి మా వీధి రామాలయంలో భజనకు కీబోర్డు వాయించాను. మొదటి పాట ఎత్తుకోగానే బాక్సుల్లోంచి రేకు డబ్బాను గోళ్ళతో గీకినట్టు ఒకటే శబ్దం. "కీబోర్డు పోయినట్టుందండీ" అన్నాడు సౌండ్ పెట్టిన అబ్బాయి. ఇంటికి తెచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూస్తే గంటలా మోగుతోంది. అసలు తప్పు మిక్సర్ దగ్గర, అంటే మైకులూ వాయిద్యాల శబ్దాలన్నీ కలిపి బాక్సులకు పంపే పెట్టె దగ్గర జరిగింది. అదేంటో కిందికి వచ్చాక చెబుతాను.

సౌండ్ పగిలినంత మాత్రాన కీబోర్డు పాడైందని అనుకోనక్కర్లేదు. మీట నొక్కిన దగ్గర్నుంచి చెవిన పడేదాకా శబ్దం ఒక దారి వెంట వస్తుంది. లోపలి చిప్, ఆంప్లిఫయర్, స్పీకర్, బయటి కేబుల్, మిక్సర్. వీటిలో ఎక్కడ చెడిందో కనిపెట్టడమే మన పని. స్క్రూడ్రైవర్ ఇప్పుడే తీయకండి.

1. ముందు కీబోర్డు స్పీకర్లలో, తర్వాత హెడ్‌ఫోన్స్‌లో వినండి

పవర్ వైరు ఉంచి, మిగతా కేబుళ్ళన్నీ తీసేయండి. రిథమ్ ఆపి, మామూలు పియానో టోన్ పెట్టి, వాల్యూమ్ సగంలో ఉంచండి. ఎడమ చివరి మీట నుంచి కుడి చివరిదాకా ఒక్కొక్కటే నొక్కుతూ వినండి. ఏ స్వరాల దగ్గర బర్రుమంటోందో కాగితం మీద రాసుకోండి. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టి మళ్ళీ అలాగే చేయండి.

హెడ్‌ఫోన్స్‌లో శుభ్రంగా ఉండి స్పీకర్లలో మాత్రమే పగులుతుంటే తేడా స్పీకర్లలోనో, వాటిని నడిపే ఆంప్లిఫయర్‌లోనో ఉన్నట్టు. రెండింటిలోనూ పగులుతుంటే కరెంటు, సెట్టింగులు చూడాలి. రెండూ బాగుండి, బయటి బాక్సుల్లోనే పగులుతుంటే నేరుగా 5వ మెట్టుకు వెళ్ళండి.

2. అడాప్టర్, బ్యాటరీలు

బ్యాటరీలు నీరసపడితే కీబోర్డు వెంటనే ఆగిపోదు. ముందు సౌండ్ తగ్గుతుంది, తర్వాత డ్రమ్ దెబ్బ పడినప్పుడల్లా నలిగినట్టు వినిపిస్తుంది. మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి మార్చండి, పాతవీ కొత్తవీ కలపొద్దు.

అడాప్టర్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. యమహా పోర్టబుల్ కీబోర్డులు చాలావాటికి 12 వోల్టులు కావాలి, ఈమధ్య వచ్చిన చిన్న క్యాసియో మోడళ్ళు చాలావాటికి 9.5 వోల్టులు. పిన్ను సరిపోయింది కదా అని ఇంట్లో ఉన్న రౌటర్ అడాప్టర్ పెట్టకండి. వోల్టులు, ఆంపియర్లతో పాటు ప్లస్, మైనస్ గుర్తులు కూడా కీబోర్డు వెనక ఉన్న బొమ్మతో సరిపోవాలి. పాత క్యాసియోలు కొన్నింటికి పిన్ను మధ్యలో మైనస్ ఉంటుంది, అక్కడ తేడా వస్తే సర్క్యూట్ కాలిపోవచ్చు.

3. సెట్టింగులు

ఈక్వలైజర్‌లో బేస్ పెంచి ఉందేమో చూడండి. డ్యూయల్ వాయిస్ (రెండు టోన్లు కలిసి పలకడం), రివర్బ్ (గది మార్మోగినట్టు ఉండే ఎఫెక్ట్), కోరస్ (శబ్దాన్ని మందంగా చేసే ఎఫెక్ట్) తీసేసి వినండి. చిన్న స్పీకర్లకు ఫుల్ వాల్యూమ్‌లో ఆర్గన్, బేస్ కలిపి వినిపిస్తే అవి పగలక తప్పదు, అది రిపేరు కాదు. అయినా తేడా లేకపోతే ఫ్యాక్టరీ సెట్టింగ్‌కు మార్చండి. యమహా పీఎస్ఆర్-ఇ మోడళ్ళలో కుడి చివరి తెల్ల మీట నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే చాలు. మీరు దాచుకున్న రిజిస్ట్రేషన్లు (టోన్, రిథమ్ లాంటి సెట్టింగులు) పోతాయి, ముందే రాసి పెట్టుకోండి.

4. ఒకే స్వరం దగ్గర జర్రుమంటోందా?

నా దగ్గర నేర్చుకునే ఒక పాప వాళ్ళ కీబోర్డు ఎడమ వైపు జి నొక్కితే చాలు జర్రుమనేది. పక్క మీటలు బాగానే పలికేవి. వాల్యూమ్ అలాగే ఉంచి, జి నొక్కి పట్టుకుని, రెండో అరచేతితో కీబోర్డు ఒళ్ళంతా ఒక్కో చోట అదిమి చూశాను. ఎడమ స్పీకర్ జాలీ మీద చెయ్యి పడగానే శబ్దం ఆగిపోయింది. టార్చి వేసి చూస్తే జాలీ సందులో ఒక పిన్నీసు! ఆ స్వరానికి తగ్గట్టు అది కూడా అదురుతోంది. పట్టకారుతో లాగేశాక ఇక శబ్దం లేదు.

వదులైన స్క్రూ, పక్కనున్న గ్లాసు, బల్ల రేకు, ఏదైనా ఇలా అదరొచ్చు. ఒకసారి కీబోర్డును పరుపు మీద పెట్టి వాయించి చూడండి. అదురు ఎక్కడా దొరకక, కింది స్వరాలన్నీ గరగరలాడుతుంటే స్పీకర్ కాగితం చిరిగి ఉండొచ్చు. చెమ్మకూ ఎలుకలకూ అది తేలిగ్గా పాడవుతుంది. స్పీకర్ మార్పించడం పెద్ద ఖర్చేమీ కాదు, ఓములు, వాట్లు పాతదానివే ఉండాలి.

5. మిక్సర్‌కు కలిపినప్పుడే పగులుతుంటే

గుళ్ళో, చర్చిలో, పెళ్ళిలో వచ్చే గొడవ ఎక్కువగా ఇదే. మైక్ నుంచి వచ్చే సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే. కీబోర్డు నుంచి వచ్చేది దానికి ఎన్నో రెట్లు. దాన్ని మైక్ ఇన్‌పుట్‌లో పెడితే మోయలేక పగులుతుంది. ఆ రోజు మేం చేసింది ఇదే. కీబోర్డు లాంటి పెద్ద సిగ్నల్ కోసం ఉండే లైన్ ఇన్‌పుట్‌లో పెట్టండి. మిక్సర్ గెయిన్ (లోపలికొచ్చే సిగ్నల్‌ను పెంచే నాబ్) పూర్తిగా తగ్గించి, కీబోర్డు వాల్యూమ్ ముప్పావు వంతుకు తెచ్చి, గట్టిగా వాయిస్తూ గెయిన్ కొద్దికొద్దిగా పెంచండి. సిగ్నల్ హద్దు దాటుతోందని చెప్పే పీక్ లైటు వెలిగితే అక్కడి నుంచి కాస్త వెనక్కి తగ్గండి.

సౌండ్ పగలకుండా డొల్లగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు ఉంటే పిన్ను చూడండి. నల్ల గీతలు రెండుంటే స్టీరియో, ఒకటుంటే మోనో. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్టీరియో కేబుల్ తెచ్చి మిక్సర్ బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్ (రెండు వైర్ల సిగ్నళ్ళ తేడాను మాత్రమే తీసుకునేది) ఒక్కదాంట్లో పెడితే కుడి, ఎడమల్లో సమానంగా ఉన్న శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకవైపు స్టీరియో, రెండోవైపు రెండు మోనో పిన్నులున్న కేబుల్ కొని రెండు ఛానళ్ళలో పెట్టండి.

6. మిగిలినవి

వాల్యూమ్ తిప్పినప్పుడే గరగరమంటే నాబ్ లోపల దుమ్ము పట్టినట్టు. పవర్ తీసేసి, ఇరవై సార్లు అటూ ఇటూ పూర్తిగా తిప్పండి. తగ్గకపోతే కాంటాక్ట్ క్లీనర్ కొట్టించాలి, కొబ్బరినూనె లాంటివి వద్దు. మొబైల్ కీబోర్డు మీద పెట్టే అలవాటుంటే మానండి, దాని సిగ్నల్ వల్ల కూడా గరగర రావచ్చు. లాప్‌టాప్‌కు కలిపినప్పుడు హమ్ (ఆగకుండా వచ్చే 'మ్‌మ్' శబ్దం) వస్తే, లాప్‌టాప్ చార్జర్ తీసి వినండి.

ఇవన్నీ చూశాక కూడా హెడ్‌ఫోన్స్‌లోనూ పగులుతుంటే లోపలి సర్క్యూట్ బోర్డులో లోపం ఉండొచ్చు. వారంటీ ఉంటే విప్పకుండా సర్వీస్ సెంటర్‌కు ఇవ్వండి. వెళ్ళేటప్పుడు అడాప్టర్, మీరు రాసుకున్న కాగితం పట్టుకెళ్ళండి. పగిలే శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి వినిపించండి. అక్కడికి వెళ్ళాక సరిగ్గా ఆ సమయానికే బాగా పలికే కీబోర్డులు చాలా చూశాను.